ఎల్లయ్య తాత దారం ముడి

పందొమ్మిది వందల నలభైమూడో సంవత్సరం, శ్రావణమాసం, మూడో సోమవారం, పొద్దున పదిన్నర గంటలకు బాన్సువాడ కుట్టు షెడ్డులో లైను ఆగింది. మిషన్లు చెడిపోయి కాదు. ఖాకీ నిక్కర్ల పని అయిపోయింది, తెల్ల చొక్కాల పని ఎక్కాలి. దానికోసం మేమే ఆపాము. మళ్లీ లైను కదిలేసరికి ఎల్లయ్య తాత దర్జీ కాకుండా పోయాడు.

ఈ సంగతిని ఊళ్లో తలా ఒక తీరుగా చెప్పారు. ఇంకా చెప్తూనే ఉన్నారు. నేను ఆ షెడ్డులో మిషన్లు బాగుచేసే మిస్త్రీని, పేరు గంగారాం. ఆ రోజు అక్కడే నిలబడి చూశాను. అప్పుడే రాయాల్సింది. కానీ అప్పటికి నాకు అక్షరం రాదు. తల నెరిసినాక మనవరాలి పక్కన కూర్చుని, ఆమె పలక మీదే దిద్దుకున్నాను. రాత వంకరగా ఉంటే చదివేవాళ్లు సర్దుకోండి.

ఇప్పుడు రాయడానికి ఇంకో కారణం ఉంది. మా వాడకట్టు పిల్లలు హైదరాబాదు వైపు బట్టల ఫ్యాక్టరీలకు పోతున్నారు. అందులో ఒకడు మొన్న వచ్చి, "తాతా, లైను మీద ఒక రకం తీసి ఇంకో రకం ఎక్కిచ్చేటప్పుడు టైం మస్తు పోతది. గా టైం తగ్గించుడే నా నౌకరి" అన్నాడు. ఆ నౌకరీ నేనూ చేశాను. అప్పుడు దానికి పేరు లేదు, అంతే తేడా.

షెడ్డు

యుద్ధం నడుస్తున్న రోజులు. హైదరాబాదు సేఠ్ ఒకాయన ఫౌజు బట్టల కాంట్రాక్టు పట్టాడు. కాలువ కింద వరి పండడం మొదలయ్యాక కట్టిన వడ్ల గోదాము ఒకటి కిరాయికి తీసుకున్నాడు. పైన రేకులు, పక్కన రెండు తలుపులు, కరెంటు లేదు. యుద్ధం వల్ల కొత్త మిషన్లు దొరకవు కాబట్టి దర్జీలను వాళ్ల మిషన్లతో సహా పిలిపించాడు. బాన్సువాడ వాళ్లు, పిట్లం వాళ్లు, నస్రుల్లాబాద్ నుంచి ఒకడు, బండ్ల మీద మిషన్లు వేసుకుని వచ్చారు. అన్నీ కాలితో తొక్కేవే. వాటిని ఒక వరుసలో వేశారు. ఒకడు ప్రక్కలు కలుపుతాడు, ఇంకొకడు చేతులు ఎక్కిస్తాడు, మరొకడు అంచులు మడుస్తాడు. అదే మా లైను.

అప్పటిదాకా వీళ్లెవరూ ముక్కలు కుట్టినవాళ్లు కాదు. పెళ్లిళ్ల వేళ, పంటల వేళ ఇళ్లకు పోయి, అరుగు మీద మిషను పెట్టుకుని, కొలత తీసి, బట్ట కత్తిరించి, పూర్తిగా తయారుచేసి ఇచ్చినవాళ్లు. ఎల్లయ్య తాత అందరిలో పెద్ద. పక్క మిషను ఖాజా చిచ్చాది. ఇద్దరికీ ఒక ఏడాది అటూ ఇటూ. పొద్దున కూర్చున్నది మొదలు లేచేదాకా ఒకరినొకరు తిట్టుకునేవాళ్లు. అది లేకపోతే వాళ్లకు పని సాగేది కాదు.

ఆ దర్జీలకు ఒక పట్టింపు ఉండేది. బతికి ఉన్నవాడి మిషను సూదిలోకి ఇంకొకడు దారం ఎక్కించకూడదు. దర్జీ చనిపోయిన రోజు మాత్రమే, ఆయన తోటివాడు ఒకడు ఆయన సూదిలోకి దారం ఎక్కించి, శవం మీద కప్పే తెల్లబట్టకు ఒక్క కుట్టు వేసి, దారం తెంపి, మిషను మూసేస్తాడు. ఇందులో హిందువా తురకా అని లేదు. మొదట్లో నాకు తెలియక ఒకసారి ఖాజా చిచ్చా మిషను సరిచేసి, దారం కూడా ఎక్కించబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అరే మిస్త్రీ, నన్ను గిప్పుడే పంపుతవా ఏంది?"

ఎల్లయ్య తాత పక్కనుంచి నవ్వాడు. "పంపు గంగారాం. పీడ పోతది."

"నేను పోతే నా సూదిల దారం ఎక్కిచ్చేది నువ్వే గదా ముసలోడా. నీకు గా కష్టం ఎందుకని బతుకుతున్న."

"గదేం కాదు గని, నేనే ముందు పోత. నువ్వే ఎక్కియ్యాలె. మాటియ్యి."

"ఇచ్చిన తియ్యి. ముందు గా నిక్కరు అంచు తిన్నగ కుట్టు."

ఆ మాటకు లైను మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను.

లైను ఆగితే

పని మారినప్పుడు ఏమేం చెయ్యాలో చెప్తాను. ఖాకీ దారం తీసి తెల్లదారం పెట్టాలి. కింద దారం చుట్టిన బాబిను మార్చాలి. మందపు బట్టకు పెట్టిన పెద్ద సూది తీసి పల్చని బట్టకు చిన్న సూది బిగించాలి. దారం బిగువు, కుట్టు పొడవు సరిచూడాలి. ఒక్క మిషనుకు ఇది పెద్ద పని కాదు. కానీ మా దగ్గర ఒక పద్ధతంటూ లేదు. లైను ఆగినాకే రీళ్లు ఎక్కడున్నాయని వెతుకుతారు. రీళ్లు సామాన్ల గదిలో, తాళం మేనేజరు వామన్‌రావు సాబ్ జేబులో, సాబ్ తపాలా కచ్చేరిలో. అప్పుడు ఒకడు చాయ్‌కి పోతాడు. వాడిని వెతకడానికి ఇంకొకడు పోతాడు. పొద్దున ఆగిన లైను మధ్యాహ్నానికి కదిలితే గొప్ప.

వామన్‌రావు సాబ్ దెగ్లూరు వైపు మనిషి. ఇంట్లో మరాఠీ, మాతో ఉర్దూ కలిపిన తెలుగు. చెడ్డవాడు కాదు. పని తెలిసినవాడు, తనే కింద కూర్చుని బాబిన్లు చుట్టగలడు. కానీ మనిషికి వంక కనబడితే వాడిని బాగుచెయ్యాలని ఆయనకు తోచేది కాదు. నస్రుల్లాబాద్ పోశెట్టికి చెయ్యి వణుకుతున్నదని తెలిసిన రోజే, "మిషను బండి మీద వేసుకో, ఇంటికి పో" అన్నాడు. పోశెట్టి బతిమాలాడు కూడా. సాబ్ తల ఎత్తలేదు. అది లైను మొత్తం చూసింది.

ఆగిన సమయం తగ్గించమని సాబ్ నాకు చెప్పాడు. నేను నేర్చుకున్నది ఒకటే: లైను నడుస్తుండగా చెయ్యగలిగిన పని లైను ఆపి చెయ్యొద్దు. రీళ్లు ముందురోజే గదిలోనుంచి తీయించి ఒక్కో మిషను పక్కన బుట్టలో పెట్టించాను. కుట్టు పొడవు ఎక్కడికి తిప్పాలో మిషను మీద సుద్దతో గీత గీశాను. బాబిన్లు ముందే చుట్టి పెట్టే పని గుండీలు కుట్టే లక్ష్మవ్వకు అప్పగించాను. లైను చాలా తొందరగా కదలసాగింది.

ఆ ఆగిన వేళను అందరూ దండగ అనేవాళ్లు. అది దండగ కాదని తర్వాత తెలిసింది. లక్ష్మవ్వ ఆ వేళకే బయట చూరు కింద చీర ఉయ్యాలలో ఉన్న పసిపిల్లకు పాలిచ్చి వచ్చేది. బాబిన్ల పని వచ్చినాక అది పోయింది.

"గంగారాం, నువ్వు గీ మిషన్లకే మిస్త్రీవా, మా పొల్ల కడుపుకు గూడనా?" అని అడిగింది ఒకరోజు.

బాబిన్లు బయట ఉయ్యాల దగ్గరే చుట్టుకో అన్నాను. ఆ మాత్రం ముందే తోచి ఉంటే బాగుండేది.

ఎల్లయ్య తాత ఆ ఆగిన వేళలో ఏం చేసేవాడో మాత్రం నేను చూడలేదు. బయట తలుపు దగ్గర ఎండలో, వీపు మా వైపు పెట్టి కూర్చునేవాడు. ముసలివాడు, ఎండ కాగుతున్నాడు అనుకున్నాను.

ముడి

కొన్నాళ్లకు తెల్లబట్టల మీద ఒక ఫిర్యాదు వచ్చింది. అంచు కుట్టులో బొక్కలు పెద్దగా పడుతున్నాయట. అంచులు కుట్టేది ఎల్లయ్య తాత. చిన్న సూదికి మారకుండా పెద్ద సూదితోనే కుట్టేస్తున్నాడేమోనని అనుమానం వచ్చి, పని మారేటప్పుడు పక్కన నిలబడ్డాను.

ఆయన దారం తియ్యనే లేదు. పైన రీలు దగ్గర ఖాకీ దారం తెంపాడు. ఆ కొసకు తెల్లదారం కొస ముడి వేశాడు. ముడి ఎంత సన్ననిదంటే, మైనం రుద్ది గోటితో నొక్కితే దారంలో కలిసిపోయింది. బట్టను అదిమే పాదం ఎత్తి, సూది కింద ఉన్న పాత కొసను పట్టుకుని మెల్లగా లాగాడు. ముడి కొక్కేలన్నీ దాటుకుంటూ, బిగువు బిళ్లల మధ్యనుంచి, పైకీ కిందికీ ఆడే ఇనుప చెయ్యి మీదుగా దిగి, సూది బెజ్జంలోనుంచి కూడా బయటికి వచ్చేసింది. వెనకాలే తెల్లదారం. పక్కన ఖాజా చిచ్చా ఇంకా దారం కొసను నాలుకకు తడుపుకుంటున్నాడు.

"తాతా! గిదెక్కడ నేర్చినవ్?"

"ఎక్కడ నేర్వలే. చేతికే ఒచ్చింది."

"మరి పెద్ద సూది తియ్యవేంది? బొక్కలు పడ్తున్నయట."

"పాత సూదికి అలవాటు పడ్డ. నీకేం నొప్పి రా?"

నేను వినలేదు. సంతోషంలో నేరుగా వామన్‌రావు సాబ్ దగ్గరికి పోయి చెప్పాను. నా ఉపాయమని చెప్పుకోలేదు, ఎల్లయ్య తాతదని పేరు పెట్టి చెప్పాను. సాబ్ వచ్చి చూశాడు. "వాహ్ ఎల్లయ్యా!" అన్నాడు. ఆ రోజు నుంచి లైను మొత్తానికి ముడి పద్ధతే. మిగతావాళ్ల సూదులు చిన్నవి కాబట్టి ముడి బెజ్జంలో పట్టదు. వాళ్లు సూది పైదాకా లాగి, ముడి కత్తిరించి, బెజ్జంలోకి మాత్రం చేత్తో ఎక్కించుకునేవాళ్లు.

మరునాడు తాత నన్ను షెడ్డు వెనక్కి పిలిచాడు. ముఖం వాడిపోయి ఉంది.

"నా పేరెందుకు చెప్పినవ్ రా?"

"నీ ఉపాయం నీది గాదని చెప్పాల్నా తాతా?"

"ఉపాయం గాదది. నా తిప్పలు." చెయ్యి ముఖం ముందు పెట్టుకున్నాడు. "గీ చెయ్యి కనవడ్తది. వేండ్లు విడివిడిగ కనవడయి. కండ్ల మీద పొరలొచ్చినయ్ బిడ్డా. మోతిబిందు."

"మరి కుట్టు గంత తిన్నగ ఎట్ల పోతది?" అని అడిగాను.

"బట్ట అంచు వేలికి తగుల్తది గదరా. కుట్టుకు కండ్లెందుకు? బెజ్జంల దారం ఎక్కిచ్చెతందుకే కావాలె."

అప్పుడు చెప్పాడు, ఎండలో కూర్చునేది ఎందుకో. లైను ఆగినప్పుడు సూదిని ఊడదీసి జేబులో వేసుకుని పోయేవాడు. మంచి ఎండలో, నాలుక కొసతో బెజ్జం తడిమి, పదేపదే పొడిచి, ఎలాగో ఒక దారం ముక్క ఎక్కించేవాడు. ఆ ముక్కతో సహా సూది తెచ్చి బిగించి, ముక్క కొసను మిషను దారానికి ముడివేసేవాడు. ముడి దూరాలంటే బెజ్జం పెద్దది కావాలి. అందుకే పెద్ద సూది. నేను ఆగిన సమయం తగ్గించినాక ఎండలో కూర్చునే వీలు పోయింది. అప్పటి నుంచి సూది ఊడదీయకుండా, దారం తెగకుండా, ముడి మీద ముడితో నెట్టుకొస్తున్నాడు.

"మీ బిడ్డ సాయవ్వతోటి ఎక్కిచ్చుకోరాదా? నేనన్న ఎక్కిస్త."

"నేను సచ్చిన్నా?" అన్నాడు. నవ్వలేదు. "సాబ్‌కు తెలిస్తే పోశెట్టి లెక్కనే బండి కట్టుమంటడు. మిషను కాడ కూసోకుంటే నేనేంది రా? ఎల్లయ్య అని ఎవడు పిలుస్తడు నన్ను?"

ఆయన సూదికి నా చెయ్యి తగలనివ్వనని మాటిచ్చాను. ఖాజా చిచ్చాకు ఈ సంగతి ముందే తెలుసు. పక్కన కూర్చునేవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది?

ఒకే సూది

వామన్‌రావు సాబ్‌కు తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. రెండు బట్టలకూ సరిపోయే నడిమి సూది ఒకటి పెడితే సూది మార్చే పనే ఉండదు, బొక్కల ఫిర్యాదూ పోతుంది కదా అని. మంచి ఆలోచన. ఇప్పటికీ మంచిదే అంటాను. కానీ నడిమి సూది బెజ్జంలోనుంచి ముడి దూరదు.

శనివారం నడిమి సూదుల డబ్బీ వచ్చింది. సోమవారం ఫౌజు తరఫున ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు, లైను ఎంత తొందరగా మారుతుందో చూసి మళ్లీ ఆర్డరు ఇస్తాడని అన్నారు. అన్ని మిషన్లకూ సూదులు మార్చాను. ఎల్లయ్య తాతది వదిలేశాను. పాత పెద్ద సూదులన్నీ సాబ్ లెక్కపెట్టుకుని బీరువాలో వేసి తాళం పెట్టాడు. ఒక్కటి తక్కువైందని గమనించలేదు, లేదా ఎక్కడో పడిపోయిందనుకున్నాడు.

ఆ సోమవారం

పొద్దున నుంచీ మబ్బు. తలుపులు రెండూ తీసినా లోపల మసక మసకగానే ఉంది. ఇన్‌స్పెక్టరు మోటారులో వచ్చాడు. గడియారం చేతిలో పట్టుకుని లైను చివర నిలబడ్డాడు. పదిన్నరకు సాబ్ చెయ్యి ఎత్తాడు. లైను ఆగింది.

సాబ్ ఇన్‌స్పెక్టరును నేరుగా ఎల్లయ్య తాత దగ్గరికి తీసుకొచ్చాడు. "ఈ ముసలాయనదే సాబ్ ఈ హునర్, ఈ ఉపాయం. చూడండి" అన్నాడు. గర్వంగానే అన్నాడు.

తాత తెంపాడు, ముడి వేశాడు, మైనం రాశాడు, లాగాడు. తెల్లదారం బెజ్జంలోనుంచి వచ్చేసింది. ఇన్‌స్పెక్టరు "అరే!" అన్నాడు. ఖాజా చిచ్చా నా వైపు చూసి కన్ను గీటాడు. గట్టెక్కామనుకున్నాను.

ఇన్‌స్పెక్టరు ఇంకా దగ్గరగా చూద్దామని వంగాడు. "మిగతా వాళ్లది పైనే కత్తిరిస్తున్నారు కదా, ఈయనది కిందిదాకా ఎలా వచ్చింది?" అని అడిగాడు. సాబ్ కూడా వంగాడు. పెద్ద సూది కనబడింది.

సాబ్ నన్ను ఒక చూపు చూశాడు, అంతే. తిట్టలేదు. తనే మర వదులు చేసి, సూది లాగి, దారం తెంపేసి, జేబులోనుంచి నడిమి సూది తీసి బిగించాడు. "ఇప్పుడు చెయ్ ఎల్లయ్యా. అందరి లెక్కనే."

తాత దారం కొస కొరికాడు. నాలుకకు తడిపాడు. ఎడమచేతి వేలు సూది మీద పెట్టి, బెజ్జం కోసం తడిమాడు. మొదటిసారి పక్కకు పోయింది. మళ్లీ తడిపాడు. అది కూడా పోయింది. అప్పటికి మిగతా మిషన్లన్నీ సిద్ధమైపోయాయి. ఎవరూ తొక్కడం లేదు. రేకుల మీద వాన చినుకులు పడడం మొదలైంది. తాత మెడ మీద చెమట కనబడుతోంది.

"ఏంది ఎల్లయ్యా, జల్దీ కానియ్" అన్నాడు సాబ్. ఆయనకు ఇంకా అర్థం కాలేదు. కానీ ఇంకో రెండుసార్లు తప్పితే అర్థమయ్యేది.

లక్ష్మవ్వ బాబిన్ల బుట్ట కింద పెట్టి లేవబోయింది. తాత అలికిడి విని, తల తిప్పకుండానే, "కూసో బిడ్డా" అన్నాడు.

అప్పుడు ఖాజా చిచ్చా లేచాడు. "కొత్త సూది గద సాబ్, బెజ్జంల నూనె గడ్డకట్టినట్టున్నది. నేను చూస్త" అన్నాడు. గొంతులో తేడా లేదు. ఎల్లయ్య తాత భుజం మీద చెయ్యి వేసి, "జర జరుగు" అని, ఆయన వేళ్లలోని దారం తీసుకుని, ఒక్కసారిగా బెజ్జంలోకి ఎక్కించాడు. వచ్చి తన మిషను ముందు కూర్చున్నాడు.

సాబ్ నమ్మాడు. ఇన్‌స్పెక్టరు గడియారం చూసి "బహుత్ అచ్ఛా" అన్నాడు. లైను కదిలింది. ఇద్దరూ మాట్లాడుకుంటూ సాబ్ గది వైపు పోయారు. తాత నౌకరీకి ఏమీ కాలేదు.

తాత మాత్రం తొక్కలేదు.

"ఎక్కించినవా ఖాజా?"

"ఎక్కించిన."

"మంచిగ చేసినవ్. ముందుగాల మాటిచ్చినవ్ గద."

ఖాజా చిచ్చా బట్ట మీదినుంచి తల ఎత్తలేదు.

ఎల్లయ్య తాత ముందున్న తెల్లబట్ట తీసుకుని, పాదం కింద పెట్టి, చేత్తోనే చక్రం తిప్పి ఒక్క కుట్టు వేశాడు. దారం తెంపాడు. మిషను మీద మూత పెట్టాడు. "గంగారాం, పొద్దుమూకంగ దీని తల ఇప్పి బండ్ల ఎయ్యి బిడ్డా" అని చెప్పి, తలుపు అంచు పట్టుకుని వానలోకి దిగిపోయాడు.

తర్వాత

మరునాడు వామన్‌రావు సాబ్‌కు అసలు సంగతి నేనే చెప్పాను. ఆయన "మడతలు పెట్టే పని ఇద్దాం, రమ్మను" అన్నాడు. పోశెట్టికి అనని మాట అది. నేను ఇంటికి పోయి చెప్పాను. తాత బిడ్డ సాయవ్వ పక్కన కూర్చుని బీడీలు చుడుతున్నాడు. ఆకుకు కండ్లు అక్కర్లేదు. "నేను దర్జీని గాను గద ఇప్పుడు. అండ్లకొచ్చి ఏం జెయ్యాలె?" అన్నాడు. కోపంగా అనలేదు. చాయ్ తాగి పొమ్మన్నాడు.

షెడ్డుకు మళ్లీ ఆర్డరు వచ్చింది. యుద్ధం అయిపోయినాక అది మూతపడింది. ఎల్లయ్య తాత దాని తర్వాత కూడా కొన్నాళ్లు బతికాడు. ఆయన పోయిన రోజు ఖాజా చిచ్చా వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు. మిషను మూలకు ఉంది. దాని సూదిలోకి దారం ఎవరూ ఎక్కించలేదు. ఆ పని ఎప్పుడో అయిపోయింది.

పిల్లలూ, సమయం తగ్గించండి. వద్దని చెప్పడానికి ఇదంతా రాయలేదు. రీళ్లు ముందే పెట్టుకోండి, ముడి వేసి లాగండి, ఒకే సూది వాడండి. కానీ లైను ఆగినప్పుడు ఎవరు లేచి ఎటు పోతున్నారో, ఎందుకు పోతున్నారో ముందు వెళ్లి చూడండి. నేను చూసింది బుట్టలు, సుద్దగీతలు. ఇంకొకరికి మంచి పేరు ఇవ్వాలనిపిస్తే, వాళ్లను అడిగి ఇవ్వండి.

సాబ్ ఆయన్ని గెంటేశాడని ఊళ్లో అన్నారు. గెంటలేదు. ఖాజా చిచ్చా పంతానికి పోయి పదిమందిలో ఆయన్ని చచ్చినవాడి కింద కట్టాడని అన్నారు. ఆ మాట చిచ్చా చెవిన పడింది, ఆయన ఎవరికీ జవాబు చెప్పలేదు. అన్నవాళ్లలో ఒక్కరూ ఆ రోజు అక్కడ లేరు. ఉన్నవాళ్ల పేర్లు రాస్తున్నాను. మేనేజరు వామన్‌రావు సాబ్. మోటారులో వచ్చిన ఇన్‌స్పెక్టరు, ఆయన పేరు మాకెవరూ చెప్పలేదు. కత్తిరింపు బల్ల దగ్గర నర్సింలు. లైనులో పిట్లం బాలయ్య, మొగులయ్య, సాయిలు, ఇస్మాయిల్, చిన్న గంగారాం. గుండీల దగ్గర లక్ష్మవ్వ, బయట ఉయ్యాలలో ఆమె పిల్ల పోశవ్వ. మిస్త్రీని నేను. పక్క మిషను ముందు ఖాజా మియా. ఆయన పక్కన ఎల్లయ్య, సూదిలోకి దారం ఎక్కేదాకా.